గింజెడు మందు, గుప్పెడు ముప్పు

ఇంట్లో తూటాలు నింపుకోవడం కొన్ని దేశాల్లో వ్యాపకం, మన దేశంలో లైసెన్సు లేకుండా చేస్తే నేరం. ఎక్కడైనా సరే, అందులో వేళ్లను, కళ్లను బలిగొనేది చాలాసార్లు తెలియనితనం కాదు, ఏమరుపాటు.

శ్రీవిజయపురం పేరు 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్. ఆ ఊరి రేవును ఆనుకుని, ఒక వంతెనతో పెద్ద దీవికి అతుక్కుని ఉంటుంది చాతం. దీవి చిన్నదే, చరిత్ర మాత్రం పెద్దది. 1883లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ పెట్టిన రంపపు మిల్లు ఆసియాలోని పాత మిల్లుల్లో ఒకటి. పడౌక్, గర్జన్ దుంగలు ఇక్కడే పలకలయ్యాయి. మిల్లు ఆవరణలో సందర్శకులకు ఒక పెద్ద గొయ్యిని కూడా చూపిస్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడిన చోటది.

అయితే చాతానికీ, మందుగుండుకూ ఉన్న బంధం ఆ బాంబుకన్నా పాతది. 1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో అండమాన్ తీరం చేరినప్పుడు మొదట మకాం వేసింది చాతంలోనే. మంచినీరు చాలక ఆ తర్వాత రాస్ దీవికి మారారు. ఆ ఖైదీల శిక్షలకు నేపథ్యం 1857 తిరుగుబాటు. ఆ తిరుగుబాటుకు నిప్పురవ్వ అయింది ఎన్‌ఫీల్డ్ తుపాకీ తూటా. దాని కాగితానికి ఆవు కొవ్వో, పంది కొవ్వో పూశారన్న వార్త సిపాయిల్లో పాకిన సంగతి బడి పిల్లలకూ తెలుసు. అసలు ఆ కాగితపు తూటా ఎందుకు పుట్టిందన్నది మాత్రం ఎవరూ పెద్దగా అడగని ప్రశ్న.

జవాబు సులువు. మనిషి పొరపాటు చేస్తాడు కాబట్టి. యుద్ధరంగంలో సిపాయి డబ్బాలోంచి మందు కొలిచి గొట్టంలో పోసుకుంటే ఒకసారి తక్కువ పడుతుంది, ఒకసారి ఎక్కువ పడుతుంది. అదే మందును తీరికగా, తక్కెడ ముందు కూర్చుని కొలిచి, గుండుతో కలిపి కాగితంలో చుట్టి ఇస్తే సిపాయి చేయాల్సింది పంటితో కొరికి గొట్టంలో వంచడమే. కొలత పనిని హడావుడి చోటు నుంచి ప్రశాంతమైన చోటికి మార్చారన్నమాట. తూటా అనేది మందునూ గుండునూ కలిపిన పొట్లం మాత్రమే కాదు, ముందే పూర్తిచేసి పెట్టిన ఒక జాగ్రత్త.

అయినా పొరపాటు పూర్తిగా పోలేదు. 1863లో అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ పోరు ముగిశాక మైదానంలో పడి ఉన్న 27 వేలకు పైగా తుపాకులను సైన్యం ఏరించింది. వాటిలో దాదాపు 24 వేలు నింపి ఉన్నవే. సుమారు 12 వేల తుపాకుల్లో ఒకదానిపై ఒకటిగా రెండేసి తూటాలున్నాయి. మరో ఆరు వేలలో మూడు నుంచి పది దాకా కూరి ఉన్నాయి. ఒక తుపాకీలోనైతే 23 ఉన్నాయని నాటి నివేదికలు చెప్తాయి. వాళ్లెవరికీ తుపాకీ నింపడం రాక కాదు. కసరత్తు మైదానంలో కళ్లు మూసుకుని చేయగలిగిన పనే. పేలిందో లేదో ఆ మోతలో గమనించకుండా చేతులు తమ పని తాము చేసుకుపోయాయి.

చేతులు తమ పని తాము చేసుకుపోవడం... ఇంట్లో తూటాలు నింపేవాళ్లకు ఈనాటికీ అసలు శత్రువు ఇదే.

వ్యాపకం అక్కడ, నేరం ఇక్కడ

పేలిన తూటాలో నిజంగా ఖర్చయ్యేవి మూడే: అడుగున ఉండే ప్రైమర్, లోపలి మందు, ముందున్న గుండు. నాలుగోది, అన్నిటికన్నా ఖరీదైనది, ఇత్తడి గొట్టం. అది మిగిలే ఉంటుంది. దాన్ని శుభ్రం చేసి, సాగిన ఒంటిని అచ్చులో తిరిగి సరిచేసి, కొత్త ప్రైమర్ గుచ్చి, మందు కొలిచి పోసి, గుండు బిగిస్తే మళ్లీ తూటా తయారు. అమెరికాలో ఇది లక్షలాది మంది గురి క్రీడాకారులు, వేటగాళ్లు గ్యారేజీ బల్ల మీద చేసుకునే పని. సొంత వాడకానికైతే అక్కడి సమాఖ్య చట్టం ప్రకారం లైసెన్సు అక్కర్లేదు, అమ్మకానికైతే తప్పనిసరి. డబ్బు ఆదా ఒక కారణం. తన తుపాకీకి సరిగ్గా సరిపడే తూటాను తానే చేసుకున్నానన్న తృప్తి మరో కారణం.

మన దగ్గర కథ వేరు. ఆయుధాల చట్టం, 1959 దృష్టిలో మందుగుండు అంటే సిద్ధమైన తూటా ఒక్కటే కాదు. దాని విడిభాగాలు, దాన్ని తయారుచేసే యంత్రాలు కూడా అందులోకే వస్తాయి. లైసెన్సు లేకుండా తయారీకి దిగితే 2019 సవరణ తర్వాత కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. తుపాకీకి లైసెన్సు ఉంది కదా అని తూటాలు తయారు చేసుకునే హక్కు దానంతట అది రాదు. పాత తరం షికారీలు ఇత్తడి 12 బోర్ గొట్టాలను ఇంట్లోనే నింపుకున్న కథలు ఇప్పటికీ వినిపిస్తాయి కానీ, ఆ రోజులు పోయాయి. నేటి లైసెన్సుదారు ఖడ్కీ మందుగుండు కర్మాగారంలాంటి చోట తయారై, అధీకృత దుకాణంలో అమ్మే తూటానే కొనుక్కోవాలి. పోటీల్లో ఎక్కువగా వాడే .22 తూటాకైతే ఆ గొడవే లేదు. దాని ప్రైమర్ పదార్థం అడుగు అంచులోనే ఉంటుంది. పిన్ను దెబ్బకు ఆ అంచు నలిగిపోతుంది, ఇక అది తిరిగి పనికిరాదు.

మరి తెలుగు పాఠకుడికి ఈ గొడవ ఎందుకు? ఒకటి, టెక్సాస్‌లోనో జార్జియాలోనో స్థిరపడిన మనవాళ్లకు తుపాకీ ఇప్పుడు దూరపు వస్తువు కాదు. 2024లో జార్జియాలో ఓ తెలంగాణ విద్యార్థి తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయిన వార్త ఇక్కడి ఇళ్లను కుదిపేసింది. అక్కడికి విద్యార్థి వీసాపైనో, హెచ్-1బీపైనో వెళ్లినవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి మరొకటి ఉంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సులాంటి కొద్ది మినహాయింపులు తప్పిస్తే అలాంటి వీసాదారులు తుపాకీనే కాదు, తూటాను దగ్గర పెట్టుకోవడాన్ని కూడా అమెరికా సమాఖ్య చట్టం నిషేధిస్తోంది. స్నేహితుడి గ్యారేజీలో సరదాగా మొదలైన వ్యాపకం వీసాకే ఎసరు పెట్టొచ్చు.

రెండో కారణం మన ఊళ్లలోనే ఉంది. దానికి తర్వాత వద్దాం.

ఎక్కడ తప్పుతుంది?

ఈ పనిలో కొలత గ్రాముల్లో ఉండదు, గ్రెయిన్లలో ఉంటుంది. గ్రెయిన్ అంటే గింజే, ఒకప్పటి ధాన్యపు గింజ తూకం. గ్రాముకు 15.43 గ్రెయిన్లు. .38 స్పెషల్ రివాల్వర్ తూటానే తీసుకోండి. అది 1898లో పుట్టింది, నల్లమందు కాలం నాటి కొలతలతో. నల్లమందుకు చాలా చోటు కావాలి కనుక గొట్టం పొడుగ్గా ఉంటుంది. నేటి పొగలేని మందు అంత అక్కర్లేదు. గురి సాధనకు వాడే తేలికపాటి తూటాలో అది మూడు గ్రెయిన్లు కూడా ఉండకపోవచ్చు. అంటే 0.2 గ్రాముల లోపే, చిటికెడు ఉప్పు అనుకోండి. గొట్టంలో అది అడుగున ఎక్కడో ఉంటుంది. అదే గొట్టంలో పొరపాటున రెండోసారి పోసినా పొంగదు, పొర్లదు. మూడోసారికీ చోటుంటుంది. బయటి నుంచి చూస్తే మంచి తూటాకీ, తుపాకీని చీల్చేసే తూటాకీ తేడా కనిపించదు.

రెట్టింపు మందు ఎంత ప్రమాదమో, అసలు మందే లేకపోవడమూ అంతే ప్రమాదం. ఈ మాట కొత్తవాళ్లను ఆశ్చర్యపరుస్తుంది. మందు పోయని తూటాలో ప్రైమర్ ఒక్కటే పేలుతుంది. ఢామ్మనాల్సింది టుప్ మంటుంది. ప్రైమర్ బలం గుండును గొట్టంలోకి నెడుతుంది గానీ బయటకు పంపలేదు. గుండు దారిలోనే ఇరుక్కుంటుంది. పేలలేదేమో అనుకుని మళ్లీ మీట నొక్కితే వెనక నుంచి వచ్చిన మంచి తూటా దాన్ని ఢీకొంటుంది. గొట్టం ఉబ్బుతుంది లేదా పగులుతుంది. అందుకే ఏ చప్పుడైనా తేడాగా అనిపించిన క్షణంలో ఆగాలి. గొట్టం సురక్షితమైన దిశలోనే ఉంచి, కాసేపు వేచి, తూటాలన్నీ తీసేసి గొట్టం ఖాళీగా ఉందో లేదో చూడాలి. ఆ ఒక్క నిమిషం ఆగలేకపోవడమే చాలా ప్రమాదాల కథ.

మూడో తప్పు పేర్లతో వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం దగ్గర మిగిలిపోయిన ఫిరంగి తూటాల మందును బ్రూస్ హాడ్జ్‌డన్ అనే వ్యాపారి కొని 4831 అన్న అంకెతో అమ్మాడు. ఆ తర్వాత అదే అంకెతో మరో కంపెనీ మందూ మార్కెట్లోకి వచ్చింది. అంకె ఒకటే, మండే వేగం ఒకటి కాదు. ఒకదానికి రాసిన కొలతను రెండోదానికి వాడకూడదు. 4350 అన్న అంకెదీ ఇదే తంతు. డబ్బా మీద అంకె మాత్రం చూసి, ముందున్న అక్షరాలు చదవనివాడు సరైన పుస్తకంలో సరైన పేజీ చూస్తూనే తప్పు చేస్తాడు.

నాలుగోది తక్కెడ. డిజిటల్ తక్కెడలో ఒక్క బొత్తాం నొక్కితే గ్రెయిన్లు గ్రాములవుతాయి. దూలపు తక్కెడలో బరువు ఒక గాడి పక్కన పడితే తెరపై హెచ్చరిక ఏదీ వెలగదు. దూలం బుద్ధిగా సమతూకంలోనే నిలబడి తప్పుడు కొలత చూపిస్తుంది. వీటికి తోడు గుండును ఉండాల్సినదానికన్నా లోతుగా దిగగొట్టడం (లోపల చోటు తగ్గి ఒత్తిడి పెరుగుతుంది), ప్రైమర్ పూర్తిగా కూర్చోకపోవడం, సన్నగా పగిలిన ఇత్తడిని గమనించకపోవడం వంటివి సరేసరి.

ఈ జాబితాలో ఒక్కటీ కష్టమైన శాస్త్రం కాదు. ఇవన్నీ తెలిసినవాళ్లు చేసే తప్పులే.

తెలిసిన చెయ్యే తప్పుతుంది

బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ 1990లో వచ్చిన తన ‘హ్యూమన్ ఎర్రర్’ పుస్తకంలో మనిషి తప్పులను విడదీసి చూపించాడు. తెలియక తప్పుడు నిర్ణయం తీసుకోవడం ఒక రకం. తెలిసిన పనిలోనే చెయ్యి జారడం, మధ్యలో ఒక మెట్టు మరిచిపోవడం మరో రకం. ఈ రెండో రకం తప్పులు అలవాటైన పనిలోనే పొంచి ఉంటాయి. పని ఎంత అలవాటైతే మనసు అంత తీరికగా వేరే చోటికి వెళ్తుంది. తలుపుకు తాళం వేశామా లేదా అని వీధి చివర నుంచి వెనక్కి తిరిగే ప్రతి మనిషికీ ఇది అనుభవమే. తాళం వేసినప్పుడు చెయ్యి అక్కడే ఉంది, మనసు లేదు.

దీని ఖరీదు విమానయానం ముందుగా కట్టింది. 1935 అక్టోబరు 30న అమెరికాలో బోయింగ్ తయారుచేసిన మోడల్ 299 బాంబర్ పరీక్షా విమానం గాల్లోకి లేచిన కాసేపటికే కూలింది. నేల మీద ఉన్నప్పుడు గాలికి తోక రెక్కలు కదలకుండా వేసే బిగింపును తీయడం మరిచారు. నడుపుతున్నది అనుభవజ్ఞుడైన పైలట్. ఆయనతో పాటు బోయింగ్ పరీక్షా పైలట్ కూడా ప్రాణాలు కోల్పోయాడు. పైలట్లకు ఇంకా శిక్షణ ఇవ్వాలని ఎవరూ అనలేదు. ఎగిరే ముందు చదివి, ఒక్కొక్కటిగా సరిచూసుకునే చీటీ తయారుచేశారు. అదే విమానం తర్వాత బి-17గా వేల సంఖ్యలో ఎగిరింది.

జపాన్ రైళ్ల సిబ్బందిది మరో పద్ధతి. సిగ్నల్ కనిపించగానే డ్రైవర్ వేలు చూపించి, పైకి చెప్తాడు. పక్కన వినేవాడు లేకపోయినా సరే. చూసేవాళ్లకు నవ్వొస్తుంది. కానీ 1994లో అక్కడి రైల్వే సాంకేతిక పరిశోధన సంస్థ జరిపిన ప్రయోగంలో ఇలా చూపించి, పలికినప్పుడు తప్పులు దాదాపు 85 శాతం తగ్గాయి. కన్ను, వేలు, నోరు, చెవి ఒకే చోట పనిచేస్తే మనసుకు పారిపోయే సందు దొరకదు.

తూటాలు నింపే బల్ల మీద అనుభవజ్ఞులు పాటించే నియమాలన్నీ ఈ సూత్రానికి పిల్లలే. బల్ల మీద ఎప్పుడూ ఒకే మందు డబ్బా ఉండాలి. మిగతావి అల్మరాలో. పని ముగియగానే తొట్టిలో మిగిలిన మందు తన సొంత డబ్బాలోకే వెళ్లాలి. ఏ మందో అనుమానం వస్తే వాడకూడదు, దేనిలోనూ కలపకూడదు. తక్కెడను ప్రతిసారీ తెలిసిన బరువుతో సరిచూడాలి. పుస్తకంలోని గరిష్ఠ కొలతతో మొదలెట్టకూడదు, అక్కడ చెప్పిన ప్రారంభపు కొలతతోనే మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలి. మందు పోయని గొట్టాలను బోర్లించి, పోసినవాటిని నిటారుగా పెట్టాలి. గుండు బిగించే ముందు వరుస మొత్తం మీద టార్చి వేసి ప్రతి గొట్టంలోకి తొంగిచూడాలి. అన్నిటిలో మందు ఒకే ఎత్తున కనిపించాలి. ప్రైమర్లు అవి వచ్చిన పెట్టెలోనే ఉండాలి. గుప్పెట్లో, సీసాలో పోసుకుంటే ఒకటి పేలితే పక్కవన్నీ అందుకుంటాయి. కళ్లద్దాలు తప్పనిసరి. సీసం ఒంట్లో చేరకుండా చేతులు కడుక్కునేదాకా తిండి ముట్టకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది చిన్నది: మధ్యలో ఎవరైనా పిలిస్తే. ఫోన్ మోగుతుంది, పిల్లాడు వస్తాడు, కాఫీ తయారంటారు. లేచి వెళ్లి తిరిగొచ్చాక ఎక్కడ ఆపామో గుర్తుందనిపిస్తుంది. అనిపించడం వేరు, గుర్తుండటం వేరు. అందుకే చేతిలో ఉన్న గొట్టాన్ని పూర్తిచేసి లేవాలి. లేదా దానిలోని మందు వెనక్కి పోసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. టీవీ, మద్యం, నిద్రమత్తు, కబుర్లు... వీటిలో ఏది ఉన్నా ఆ పూట బల్ల మూసేయడమే. అనుమానం వచ్చిన తూటాను విప్పేస్తే పోయేది పది నిమిషాలు. పేల్చి చూద్దామనుకుంటే పోయేది లెక్క కట్టలేం.

మన పెరట్లో బాంబు

ఇప్పుడు ఆ రెండో కారణానికి వద్దాం. తూటాలు నింపే బల్లలు తెలుగునాట లేకపోవచ్చు, మందు నూరే రోళ్లు మాత్రం ఉన్నాయి. విశాఖ మన్యంలో, తెలంగాణ అడవి అంచు పల్లెల్లో నాటు తుపాకీ ఇంకా పూర్తిగా పోలేదు. అది గొట్టం ముందు నుంచి మందు కూరే రకం. గెటిస్‌బర్గ్ సిపాయి తుపాకీకి చుట్టమే. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపిన మందుకు అక్కడ గ్రెయిన్ల లెక్క లేదు, పుస్తకం లేదు, చేతివాటమే కొలత. ఒకసారి కూరి గోడకు ఆనించిన తుపాకీలో మందు ఉందో లేదో చెప్పే గుర్తు ఉండదు. నిన్న తండ్రి నింపినదాన్ని ఇవాళ కొడుకు మళ్లీ నింపితే ఏమవుతుందో చెప్పాల్సిన పనిలేదు. అడవి పందుల కోసం పెట్టే నాటు బాంబులది ఇంకా దారుణమైన కథ. అవి పందినీ, ఆవునీ, దాన్ని ఆటవస్తువనుకుని చేతిలోకి తీసుకునే పిల్లాడినీ వేరుచేసి చూడవు.

లైసెన్సుతో నడిచే బాణసంచా షెడ్లయినా ఏమరుపాటును మన్నించవు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలోని బాణసంచా తయారీ కేంద్రంలో పేలుడు ఎనిమిది మందిని బలిగొంది. ఒక షెడ్డులో ఎందరు ఉండాలి, ఎంత మందు ఉండాలి, ఏ షెడ్డుకు ఏ షెడ్డు ఎంత దూరంలో ఉండాలి అన్న నిబంధనల వెనక ఉన్న ఆలోచన ఒక్కటే: ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు పొరపాటు చేస్తారు, ఆ పొరపాటు ఒక మనిషి దగ్గరే ఆగిపోవాలి. నిబంధన అంటే అధికారుల వేధింపు అనుకునేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

కర్మాగారానికీ, ఇంటి బల్లకూ అసలు తేడా కూడా ఇదే. కర్మాగారంలో ఒకరు చేసినదాన్ని మరొకరు తూచి చూస్తారు, అనుమానం వస్తే మొత్తం విడతను పక్కన పెడతారు. ఇంట్లో చేసేవాడూ, తనిఖీ చేసేవాడూ ఒక్కడే. తన చేతి మీద తనకే నమ్మకం ఎక్కువ. మన చట్టం ఇంటి తయారీపై ఇంత కఠినంగా ఉండటానికి శాంతిభద్రతలే ప్రధాన కారణం కావచ్చు, కానీ అది ఆ బల్ల ముందు కూర్చోగల మనిషినీ, పక్క గదిలో నిద్రపోయే పిల్లల్నీ కాపాడుతోందన్నది కూడా నిజం.

మళ్లీ చాతానికి వస్తే, 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్, నికోబార్ దీవుల్లో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి సముద్రం దాటి వచ్చి ఇక్కడ వల విసిరినవాళ్లూ, కూలి చేసినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. రంపం ముందు దుంగ నెట్టే పనైనా, రేవులో బరువు ఎత్తే పనైనా, సముద్రం మీద పడవ నడిపే పనైనా వాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు. వెయ్యిసార్లు చేసిన పనిని వెయ్యిన్నొకటోసారి చేసేటప్పుడే ప్రమాదమని కష్టజీవులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మన సామెత. మందుగుండు దగ్గర ఆ సామెత కూడా సరిపోదు. అక్కడ ఆకులు పట్టుకోవడానికి చేతులు మిగలకపోవచ్చు.